హాలీవుడ్డులో నాయకురాలు

మాది నరసరావుపేట. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా వైపు వాళ్లకి ఒక జబ్బుంది. ఎక్కడికి వెళ్లనీండి, ఏం చూడనీండి, మాటలు తిరిగి తిరిగి పల్నాటి యుద్ధం దగ్గరికి వచ్చి ఆగుతాయి. పెళ్లిపందిట్లో ఆగుతాయి, బస్టాండులో ఆగుతాయి. నా మటుకు నాకు హాలీవుడ్డులో ఆగాయి.

2023లో మా అమ్మాయి రెండో పురుడికని కాలిఫోర్నియా వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. పురిటికి వెళ్లిన తల్లి చూసే అమెరికా ఎంతుంటుందో మీకు తెలియనిదేముంది! పొయ్యి, ఉయ్యాల, ఉతికిన గుడ్డలు మడతపెట్టే సోఫా. పసివాడికి ఐదో నెల వచ్చాక, "అమ్మా, నువ్వు వంటింటి కిటికీలోంచి తప్ప ఈ దేశం చూడనేలేదు" అని మా అమ్మాయి బాధపడిపోయి ఒక ఆదివారం నన్ను యూనివర్సల్ స్టూడియోస్‌కి బయలుదేరదీసింది. అల్లుడుగారు పసివాణ్ణి చూసుకుంటానన్నారు. ఆయన మంచితనాన్ని పరీక్షించడం ఇష్టంలేక నేను పాలసీసాలు ఎనిమిది వరసగా పెట్టి, ఏది ఏ వేళకో కాగితం మీద రాసి అంటించి మరీ కదిలాను. మేం ముగ్గురం, అంటే నేనూ, మా అమ్మాయీ, ఎనిమిదేళ్ల మనవరాలూ.

టిక్కెట్టు మనిషికి వంద డాలర్లకు పైమాటే. నేను వెంటనే రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకున్నాను. "మార్చకమ్మా" అంటుంది మా అమ్మాయి. మార్చకుండా ఎలా ఉంటానండీ? ఆ డబ్బుతో కోటప్పకొండ తిరునాళ్లకి మా వీధి వీధంతా వెళ్లి, చెరుకు ముక్కలు కొనుక్కుని, రంగుల రాట్నం ఎక్కి, తిరిగొచ్చేది కదా అనిపించింది. లోపలికి వెళ్లాక చూస్తే అదీ తిరునాళ్లే. మన ప్రభల్లాగే ఆకాశాన్నంటే అలంకారాలు, చెవులు గింగురెత్తే పాటలు, తప్పిపోయిన పిల్లలు, పిల్లల్ని తిడుతున్న తల్లులు. కాకపోతే మన తిరునాళ్లలో దేవుడు కొండ మీద ఉంటాడు, అక్కడ సినిమా ఉంటుంది.

ఈ సంబరానికి పునాది వేసినాయన కథ తమాషాగా ఉంటుంది. కార్ల్ లామ్లే అని 1867లో జర్మనీలో పుట్టి, పొట్ట చేతపట్టుకుని అమెరికా వచ్చాడు. 1906లో షికాగోలో చిన్న బొమ్మల హాలు తెరిచాడు. తర్వాత బొమ్మలు తనే తీయడం మొదలుపెట్టి, లాస్ ఏంజిల్స్ పక్క లోయలో 230 ఎకరాలు కొని 1915 మార్చిలో యూనివర్సల్ సిటీ ప్రారంభించాడు. అది అంతకు ముందు కోళ్లు పెంచిన నేల! సినిమాలు అప్పటికి మూగవి కదా, షూటింగు దగ్గర ఎవరు ఎంత అరిచినా నష్టంలేదు. అంచేత జనాన్ని బల్లల మీద కూర్చోబెట్టి, కాసిని సెంట్లు పుచ్చుకుని, కోడిమాంసం పెట్టిన భోజనం పొట్లం చేతికిచ్చి, షూటింగు చూపించేవాడట. నాయకుణ్ణి చూసి చప్పట్లు, ప్రతినాయకుణ్ణి చూసి ఈలలు, తిట్లు. సినిమాకి మాటలొచ్చాక, 1930 ప్రాంతంలో, ఆ ముచ్చట ఆగిపోయింది. మాటలొస్తే నోరు మూసుకోవలసి వచ్చింది చూశారా! మళ్లీ 1964 జులైలో గులాబీ, తెలుపు చారల బళ్లు కట్టి జనాన్ని స్టూడియో అంతా తిప్పడం మొదలుపెట్టారు. మా హైదరాబాదు దగ్గర 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ తెరిచాక మనకీ ఇలాంటి విహారం అలవాటయింది గాని, దీనికి పెద్దన్నయ్య అదే.

కోళ్లూ ఈలలూ తిట్లూ అనగానే నా బుర్ర ఎటు పోయిందో పల్నాడు వాళ్లయితే ఈపాటికి పట్టేసి ఉంటారు. ఆ సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

పట్టాలు లేని ట్రాము ఎక్కాం. నాలుగు పెట్టెలు ఒకదానికొకటి తగిలించిన బండి. ముందు పెట్టెలో ఒక అమ్మాయి మైకు పట్టుకుని నిమిషానికో హాస్యం విసురుతోంది. సగం నాకు అర్థం కాలేదు, అర్థమయిన సగానికి నవ్వురాలేదు. చెరువు పక్కకి వెళితే 'జాస్' సొరచేప నోరు తెరుచుకుని మీదికొచ్చింది. 1976 నించీ అది అలాగే వచ్చిన ప్రతివాళ్ల మీదకీ ఎగబడుతోందట. పాపం, యాభై ఏళ్లుగా ఒక్కళ్లూ దాని నోటికి చిక్కలేదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే కింగ్‌కాంగ్ మా ట్రాము మీదుగా రాక్షసబల్లులతో పోట్లాడింది. ఒక చీకటి సొరంగంలోకి తీసుకుపోయి భూకంపం తెప్పించారు. నేల ఊగింది, పైన రోడ్డు విరిగి లారీ జారింది, మంట లేచింది, నీళ్లు ఉరికాయి. నేను మనవరాల్ని గట్టిగా పట్టుకుని ఆంజనేయ దండకం అందుకున్నాను. అదేమో కిలకిలా నవ్వుతోంది. 1994 జనవరిలో నిజం భూకంపం ఆ చుట్టుపక్కల ఇళ్లు కూల్చి మనుషుల్ని మింగింది. ఆ ఊళ్లోనే డబ్బిచ్చి భూకంపం ఎక్కుతున్నారు జనం!

ఇంకొకచోట కూలిన విమానం. నిజమైన బోయింగ్ 747 కొని, ముక్కలు చేసి, ఇళ్ల మధ్య పడేసినట్టు పెట్టారు. 2005లో వచ్చిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' కోసమట. విరిగిన సీట్లు, చెల్లాచెదురైన సామాన్లు. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం కడుపులో తిప్పింది. ఇంకో రెండు నెలల్లో విమానం ఎక్కవలసిన దాన్ని కదా, ఆ భయమూ కావచ్చు.

వరద సంగతి చెప్పాలి. ఒక పాత మెక్సికో వీధి. గైడు పిల్ల వాన అనగానే వాన. ఆ వెంటనే వీధి పైనించి గలగలమంటూ వరద దూకి, మా చక్రాల దాకా వచ్చి, నేలలోకి ఇంకిపోయింది. కాసేపటికి వెనక ట్రాము వస్తే అవే నీళ్లు మళ్లీ దూకుతాయి. ఇది 1968 నించీ ఉందట. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ కాలంలో మా పల్నాడు ఏమిటండీ? జొన్నచేలు, నాపరాళ్లు, ఆకాశం కేసి చూపులు. శ్రీనాథుడంతటి వాడు మా జొన్నకూడుని వెక్కిరిస్తూ చాటుపద్యాలు చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాగార్జునసాగర్ కాలవలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అది కూడా కాలవ అందిన పొలానికే.

ఆ నీళ్లు చూడగానే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

వరద వీధి దాటాక ట్రాము ఒక గుట్ట పక్కకి తిరిగింది. గుట్ట మీద బూడిదరంగు పాత మేడ, కింద చిన్న హోటలు గదుల వరస. హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' ఇల్లు అదే. గదిలోంచి ఒక కుర్రాడు కత్తి పట్టుకుని మా వైపు నడిచొచ్చాడు, పిల్లలంతా కేరింతలు. మా మనవరాలు కుర్రాణ్ణి చూడలేదు. మేడ కేసి చూస్తూ, "అమ్మమ్మా, ఆ ఇంటి వెనక ఏముంది?" అంది.

మా అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది. సినిమా తీసేటప్పుడు ఆ ఇంటికి రెండే గోడలు కట్టారట, ఎదురుదీ ఎడమదీ. కెమెరా అటునించే చూస్తుంది కనక మిగతా పక్కలు అవసరంలేదు. తర్వాత ఎప్పుడో ఇతర సినిమాల కోసం మిగతావీ మూశారు. "అయితే వెనకనించి చూస్తే ఇల్లే కాదన్నమాట!" అంది పిల్ల.

నేను 1966లోకి వెళ్లిపోయాను.

ఆ ఏడు 'పల్నాటి యుద్ధం' సినిమా వచ్చింది. గుత్తా రామినీడు తీశారు. బ్రహ్మనాయుడు ఎన్.టి. రామారావు, నాయకురాలు నాగమ్మ భానుమతి, బాలచంద్రుడు హరనాథ్, మాంచాల జమున. మా ఊళ్లో అది ఆడినన్నాళ్లూ చుట్టుపక్కల పల్లెల నించి బళ్లు కట్టుకుని వచ్చారు. మా మేనత్త కూడా గురజాల దగ్గర పల్లె నించి వచ్చింది. ఆవిడకి ఇరవై రెండో ఏటే మామయ్య పోయాడు. మరుదులు పొలం కలిపేసుకుని, "తిండికి లోటు చెయ్యంలే" అన్నారు. అత్త ఒప్పుకోలేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక భర్త వాటా తనదేనని కోర్టుకెక్కి, ఏళ్ల తరబడి వాయిదాలకి తిరిగి, ఆరెకరాలు గెలుచుకుంది. అన్నీ మెట్టచేలే. తనే దగ్గరుండి జొన్న వేయించేది, కూలీల లెక్కలు తనే రాసేది. ఊళ్లో ఆవిడకి పెట్టిన పేరు 'నాయకురాలు'. మా వైపు ఆ మాట అన్నారంటే పొగడ్త అనుకోకండి. నోరున్న ఆడది, లెక్క అడిగే ఆడది, ఇంట్లో చిచ్చుపెట్టే ఆడది, అందరికీ కలిపి ఆ ఒక్క మాటే.

హాల్లో నాగమ్మ కనబడినప్పుడల్లా జనం ఒకటే తిట్లు. లామ్లేగారి బల్లల మీద కూర్చున్న జనంలాగే అనుకోండి. నాకప్పుడు ఎనిమిదేళ్లు, సరిగ్గా మా మనవరాలి ఈడు. బయటికి వస్తూ గుమ్మంలో అందరూ వినేలా, "అత్తా, నువ్వు అచ్చం నాగమ్మలా ఉన్నావే!" అన్నాను. నాకేం తెలుసు, భానుమతిలా ఠీవిగా ఉందని నా ఉద్దేశం. చుట్టూ ఉన్న చుట్టాలు ఘొల్లుమని నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. అత్త నవ్వలేదు.

ఆ రాత్రి డాబా మీద నేను అత్త పక్కనే పడుకున్నాను. చాలాసేపటికి, నేను నిద్రపోయాననుకుందో ఏమో, మెల్లిగా అంది. "ఏమే, పందెం నాగమ్మ ఒక్కతే కాసిందంటే? ఎదరపక్క ఆయనా కోడిని పట్టుకొని నిలబడ్డాడుగా!"

తెల్లారి మొదటి బస్సుకే వెళ్లిపోయింది. తర్వాత పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చేది గాని, మా ఇంట్లో రాత్రి పడుకోవడం నేను మళ్లీ చూడలేదు.

కథ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. పన్నెండో శతాబ్దం చివర గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, సవతి తల్లుల బిడ్డలు. నలగాముడి మంత్రి నాగమ్మ, మలిదేవుడి వెనక బ్రహ్మనాయుడు. నాగమ్మ రెడ్ల ఆడపడుచు, చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి అని జనం చెప్పుకుంటారు. రాజుకి ఆతిథ్యమిచ్చి, ఏడు ఘడియలు మంత్రి పదవి వరంగా అడిగి, తీసుకున్నాక దింపేవాళ్లు లేకుండా చేసుకుందని కథ. పన్నెండో శతాబ్దంలో ఒక విధవరాలు మంత్రి అయింది! ఈ ఒక్క వాక్యం దగ్గర మనం ఆగాలా వద్దా? కాని కథ అక్కడ ఆగదు. గబగబా కోడిపందెం దగ్గరికి పోతుంది. బ్రహ్మనాయుడి చిట్టిమల్లు, నాగమ్మ శివంగి డేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదలాలి. మాచర్ల ఓడింది. గడువు తీరాక రాయబారం వెళ్లిన అలరాజుని చంపించారు. అతను నలగామరాజుకి స్వయానా అల్లుడు. ఇంక కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, యుద్ధం. బాలచంద్రుడితో సహా వీరులంతా నేలకూలారు. ఆఖరికి బ్రహ్మనాయుడు ఆ నలగాముణ్ణే మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు.

నాగమ్మ మహాసాధ్వి అని వాదించడానికి నేను కూర్చోలేదు. అలరాజు చావులో ఆవిడ చెయ్యి ఉందనే కథ చెబుతుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి, ఆ చాపకూటి ముందు నేనూ తల వంచుతాను. కాని ఈ కథ మనదాకా ఎవరు తెచ్చారు? చచ్చిపోయిన వీరుల్ని దేవుళ్లుగా కొలిచే వీరవిద్యావంతులు రాత్రుళ్లు పాడి పాడి తెచ్చారు. యుద్ధమయిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక శ్రీనాథుడు ద్విపదలో రాశాడని పేరున్న పల్నాటి వీరచరిత్ర తెచ్చింది. దాన్ని తాళపత్రాల నించి తీసి 1911లో అచ్చు వేయించింది అక్కిరాజు ఉమాకాంతంగారు. అందులోనూ మనకి ముఖ్యంగా దక్కినది బాలచంద్రుడి యుద్ధమే. ఆ తర్వాత సినిమా. 1947లో మొదటి 'పల్నాటి యుద్ధం'. 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి, నడిమధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. అందులో నాగమ్మ కన్నాంబ. 'మాలపిల్ల' తీసిన చేతికి చాపకూడు ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? అన్నీ మంచి మనసుతో చేసిన పనులే. అన్నీ మాచర్ల వైపు నిలబడి చూసినవే. గురజాల వైపు నించి ఒక్క పద్యమూ లేదు, ఒక్క రీలూ లేదు.

ఇంకో సంగతి కూడా నన్ను కొరుకుతూ ఉంటుంది. మొగుణ్ణి యుద్ధానికి సాగనంపిన మాంచాలకి మన ఇళ్లల్లో హారతి. రాజ్యం నడిపిన నాగమ్మ పేరు తిట్టు. ఆ నాగమ్మ వేషం వేసిన భానుమతి మాత్రం తన సొంత స్టూడియో నడిపింది, 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం చేసింది. ఆవిడ ముందు నించుని ఎవరయినా ఆ తిట్టు తిట్టగలరేమో చూడండి!

ట్రాము దిగి బల్ల మీద కూర్చుని పులిహోర డబ్బా కోసం సంచీ వెతుకుతూ ఇదంతా మా అమ్మాయితో చెప్పాను. డబ్బా కారులోనే మరిచిపోయాం. అది సరే, అత్త సంగతి దానికి కొత్త. యాభై ఏడేళ్లు దాచుకున్నాను మరి. అది ఫోనులో ఏదో వెతికి, "అమ్మా, ఇక్కడా ఒకావిడ ఉందే" అంది. లోయిస్ వెబర్ అని, అప్పటి యూనివర్సల్‌లో దర్శకురాలు. 1913లో యూనివర్సల్ సిటీకి మేయరుగా ఎన్నికయింది. 1916 నాటికి అమెరికాలో ఎక్కువ జీతం తీసుకునే దర్శకుల్లో ఆవిడ పేరుంది. ఆ రోజుల్లో అక్కడ ఇంకా కొంతమంది ఆడవాళ్లు దర్శకత్వం చేశారట. సొరచేపనీ కోతినీ అంత తేలిగ్గా గుర్తుపట్టిన నేను, ఆవిడ పేరు వినడం అదే మొదలు.

"మరి మీ అత్తకి సారీ చెప్పావా అమ్మమ్మా?" అంది మనవరాలు.

చెప్పలేదు. అత్త పోయి చాలా కాలమయింది. సాగర్ నీళ్లు కూడా ఆవిడ ఆరెకరాల్లో రెండింటికే అందాయి. వచ్చిన ఏడు మొదటిసారి వరి వేసి, మా ఇంటికి బస్తా బియ్యం పంపింది. తను రాలేదు. మా అమ్మ ఆ బియ్యంతో పరమాన్నం వండింది. నేను రెండుసార్లు పెట్టించుకు తిన్నాను, ఎందుకు రాలేదని అడగనైనా అడగలేదు.

తిరిగొచ్చాక, ఆ డిసెంబరులో, కార్తీక అమావాస్యకి మొదలయ్యే కారంపూడి తిరునాళ్లకి వెళ్లాను. నరసరావుపేట ముఖ్యపట్టణంగా 2022లో పల్నాడు జిల్లా అయిందే గాని, పక్కనున్న కారంపూడి వీరుల ఉత్సవాన్ని ఈ ముసలితనం దాకా నేను కళ్లారా చూడనేలేదు సుమండీ. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరుల ఆయుధాలు భుజానికెత్తుకుని ఆచారవంతులు ఊళ్ల నించి తరలి వస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఇక్కడ గోడలు కట్టలేదు, మీట నొక్కితే వరద రాదు. యుద్ధం జరిగిందని చెప్పే నేల మీదే, ఆ వీరుల వారసులమనుకునే వాళ్లే, ఏటేటా ఆ కథని మళ్లీ నడుస్తారు.

నేను కోడిపోరు నాడు చేరాను. దుమ్ము, డప్పులు, శనగల వాసన. నించోలేక ఒక అరుగు కేసి వెళితే, అక్కడ కూర్చున్న ముసలావిడ పక్కకి జరుగుతూ జరుగుతూ ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ వైపు అమ్మా? మాచర్లా, గురజాలా?"

ఊరు అడిగిందో, పక్షం అడిగిందో తెలియలేదు. నరసరావుపేట అని చెప్పబోయి, "మా మేనత్తది గురజాల" అన్నాను.

"అట్నా! రా, కూసో" అని ఆవిడ కొంగుతో అరుగు తుడిచింది. అంతలో డప్పుల మోత పెరిగింది. కోళ్లని తెస్తున్నారు.